ఉత్తమ పురుష

పీటర్‌బరో ఆసుపత్రి మూడో అంతస్తులో
నా ఉద్యోగానికి ఒకటే నియమం:
రోగి "నేను" అంటే నేనూ "నేను" అనాలి.
"ఆమె ఇలా అంటోంది" అనకూడదు.
వాళ్లిద్దరి మధ్యా నేను గాజు పలకని,
గంటకి ఇరవై రెండు పౌన్లు.
వ్యాకరణంలో దీన్ని ఉత్తమ పురుష అంటారు.
గదిలో ఉన్నది ముగ్గురం ఆడవాళ్లం.

ఇవాళ గాజుకి అవతల పైడితల్లి.
క్యారెట్ల ప్యాకింగులో తొమ్మిదేళ్లు.
ముగ్గురు పిల్లలు, మూడోవాడు నాలుగున్నర కిలోలు.
నల్ల ప్యాంటు. ఎందుకో నాకు తెలుసు.

"తుమ్మితే పోతాది. దగ్గితే పోతాది.
ట్రే ఎత్తితే ఇంక సెప్పక్కర్నేదు."
ఇంగ్లీషులో అన్నాను:
నేను తుమ్మితే పడిపోతుంది, దగ్గితే పడిపోతుంది,
బరువెత్తితే చెప్పక్కర్లేదు.
పదకొండేళ్లలో మొదటిసారి
ఆ మాట నా నోరు దాటింది,
వేరొకరి పేరు మీద.

మిస్ కెల్లెట్, ఇక్కడ సర్జన్లని డాక్టర్ అనరు,
దీన్ని స్ట్రెస్ రకం అంది.
ఒత్తిడి, అన్నాను.
"నాకేటి ఒత్తిడమ్మా, మా ఆయన మంచోడే."
మనసుది కాదు, పొట్టలోంచి కిందికి తోసేది
అని సర్దుకున్నాను.
కింది కండరాల కసరత్తు మూడు నెలలు చేశారా?
"సేసినాను. బస్సులో కూడా."
నేను చేశాను, బస్సులో కూడా, అన్నాను.
ఆ ఒక్క వాక్యమే
నా వైపు నుంచి అబద్ధం.

చేతులు తుడుచుకునే కాగితం మీద బొమ్మ గీసింది.
బేరిపండు లాంటి తిత్తి, కింద సన్నటి గొట్టం.
గొట్టం చుట్టూ జెల్ సూదితో ఎక్కించొచ్చు,
సాయంత్రానికి ఇంటికి,
ఏళ్లు గడిస్తే మళ్లీ రావలసి రావచ్చు.
పొట్ట కోసి, తిత్తి మెడని కుట్లతో
పైకి లాగి కట్టొచ్చు.
లేదా మీ పొట్ట గోడలోంచే ఒక పట్టీ తీసి
గొట్టం కింద వేలాడదీయొచ్చు.
కొన్నాళ్లు మూత్రం సరిగా రాకపోవచ్చు,
ట్యూబు పెట్టుకోవడం నేర్పుతాం.

నాలుగోదాని దగ్గర పెన్ను కింద పెట్టింది.
ప్లాస్టిక్ వల పట్టీ. ఒకప్పుడు అందరికీ అదే వేసేవాళ్లం.
చాలామంది బాగానే ఉన్నారు.
కొందరికి అది లోపల మాంసాన్ని కోసింది,
కూర్చోలేరు, మొగుడి పక్కన పడుకోలేరు.
ఇక్కడ ఇప్పుడు ఆపేశారు.
"నేనూ వేశాను," అంది, బొమ్మకేసి చూస్తూ.
ఆ "నేను"ని తెలుగులోకి తెచ్చేటప్పుడు
నా గొంతు తగ్గింది.

వేలాడే పట్టీని ఏమనాలి?
ఉయ్యాల అనబోయాను.
పైడితల్లి కాగితం తనవైపు తిప్పుకుంది.
"ఉట్టి లాగానా?"
ఉట్టే.
"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి..."
పూర్తి చెయ్యలేదు. నవ్వింది. నేనూ ఆగలేకపోయాను.
ఇద్దరం ఒక్కసారే
కాలు మీద కాలు బిగించాం.

మిస్ కెల్లెట్ నవ్వలేదు.
నాలుగు మోకాళ్లూ చూసింది.
ఏమన్నారావిడ, అని అడిగింది.
ఉట్టికి ఇంగ్లీషు దొరకలేదు.

"నా వొంటిదైతే నాకు నమ్మకం.
ఆరు వారాలు బరువెత్తకూడదని
సూపర్‌వైజరుకి రాసిమ్మనండి.
నోటితో సెప్తే ఆడు నమ్మడు."
అదంతా చెప్పాను, ఆడుతో సహా.

ఆమె వెళ్లాక టైంషీటు ముందుకు జరిపాను.
సంతకం పెట్టి, క్యాప్ మూయకుండా,
"మరి మీరు?" అంది.
ఆమెని అడిగి చెప్తాను, అనబోయాను.
కుర్చీ ఖాళీగా ఉంది.

నేను, అన్నాను.
తర్వాతి మాట రావడానికి చాలాసేపు పట్టింది.
ఆవిడ గడియారం చూడలేదు.
బొమ్మ ఉన్న కాగితం పైడితల్లి పట్టుకుపోయింది.
ఆవిడ ఇంకో కాగితం లాగింది.